సెలవులకు గని ఊరు

ఆస్ట్రేలియాలో ఉంటున్న తెలుగు కుటుంబాల సెలవులన్నీ దాదాపు సముద్రం ఒడ్డునే గడిచిపోతాయి. గోల్డ్ కోస్ట్‌లో థీమ్ పార్కులు, మెల్‌బోర్న్ దగ్గర గ్రేట్ ఓషన్ రోడ్డు, ఫిలిప్ ఐలాండ్‌లో పెంగ్విన్లు, సిడ్నీలో ఒపేరా హౌస్ ముందు ఇంటిల్లిపాదీ నిలబడి తీయించుకున్న ఫోటో. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఇదే జాబితా మళ్లీ మొదటి నుంచి మొదలు. ఇంత పెద్ద దేశంలో అంచు వెంటే తిరుగుతాం. లోపల ఏముందని ఎవరైనా అడిగితే ఎర్రమట్టి, కంగారూలు, మధ్యలో ఒక పెద్ద రాయి అని చెప్పి ఊరుకుంటాం. ఆ ఉలూరును కూడా విమానంలో వెళ్లి, సూర్యాస్తమయం వేళకు ఫోటో తీసుకుని, విమానంలోనే తిరిగి వచ్చేస్తాం.

ఈ అలవాటు మీద నాకు చాలాకాలంగా గొణుగుడు ఉంది. జూలైలో బడి సెలవులకు అడిలైడ్ నుంచి బ్రోకెన్ హిల్ అనే గని ఊరికి వెళ్లి వచ్చాక గొణుగుడు మాని గట్టిగానే చెప్పాలనిపించింది. లోపలి ఊళ్లకు వెళ్లాలి. వెళ్లినా అక్కడి ఆకాశాన్ని, మట్టి రంగును చూసి వచ్చేయకూడదు. అవి మనుషులు పనిచేసిన ఊళ్లు, వాటిని ఆ పని తెలిసినవాళ్ల పక్కన నిలబడి చూడాలి. అలాంటివాళ్లు మనలో చాలామంది ఇళ్లలోనే ఉన్నారు. మనం వాళ్లకు పెంగ్విన్లను చూపించి పంపించేస్తున్నాం.

మా నాన్న గోదావరిఖనిలో భూగర్భ బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. కిందటిసారి వచ్చినప్పుడు గ్రేట్ ఓషన్ రోడ్డు చూపించాం. "బాగుంది బిడ్డా" అన్నారు, మర్యాదగా. ఆ తర్వాత కారులో హాయిగా నిద్రపోయారు. ఈసారి ఆయన వస్తున్నారనగానే నేను బ్రోకెన్ హిల్ పేరు ఎత్తాను. మా వారిది తెనాలి పక్కన పల్లె. పచ్చటి పొలం కనబడకపోతే అది ఊరే కాదని ఆయన నమ్మకం. "అయిదు వందల కిలోమీటర్లు పోయి మట్టి గుట్టలు చూడాలా?" అన్నారు. మా అమ్మాయి అక్కడ ఇంటర్నెట్ వస్తుందా అని అడిగింది. అబ్బాయికి ఎనిమిదేళ్లు, వాడికి కారులో చిప్స్ ఉంటే చాలు.

ఇందులో ఒక తమాషా ఉంది. మాలాగా అడిలైడ్ చేరిన చాలామంది ఇక్కడికి వచ్చిందే ‘ప్రాంతీయ’ వీసా పాయింట్ల కోసం, అంటే మహానగరాలు వదిలి ఉంటామంటే కలిసే అదనపు పాయింట్ల కోసం. వలసల లెక్కలో అడిలైడ్ కూడా ప్రాంతీయమే. ఆ పాయింట్లు కలుపుకుని వీసా తెచ్చుకుంటాం. తీరా నగరం పొలిమేర దాటాక వచ్చే నాలుగు ఊళ్ల పేర్లు చెప్పమంటే తడుముకుంటాం. శాశ్వత నివాసం చేతికి రాగానే మెల్‌బోర్న్‌కు సామాను సర్దేవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. లోపలి దేశం మనకు ముద్ర వేసి కాగితం ఇచ్చే కౌంటరు లాంటిది. పని అయిపోయాక కౌంటరు వంక ఎవరు చూస్తారు?

బ్రోకెన్ హిల్ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి పడమటి కొసన ఉంది. రాజధాని సిడ్నీ 1,100 కిలోమీటర్ల పైమాటే. అడిలైడ్ అందులో సగం దూరం కూడా ఉండదు. అందుకే ఊరి గడియారం సిడ్నీ మాట వినదు, అడిలైడ్ సమయమే పాటిస్తుంది. ఫోన్ నంబరు ముందు వచ్చే కోడ్ కూడా అడిలైడ్ ఉన్న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రానిదే. దీని వెనక పాత లెక్క ఉంది. 1880లలో ఇక్కడ వెండి బయటపడినప్పుడు సిడ్నీ నుంచి రైలు లేదు. సిల్వర్‌టన్ ట్రామ్‌వే అనే ప్రైవేటు కంపెనీ 1888లో దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దు దాకా పట్టాలు వేసింది. ఖనిజం అటే వెళ్లి పోర్ట్ పిరీ కొలిమిలో కరిగింది, సరుకులు అటునుంచే వచ్చాయి. సిడ్నీ నుంచి రైలు 1927 దాకా చేరలేదు. ఏ ఊరు ఎవరి వైపు చూస్తుందో రాష్ట్రాల సరిహద్దు గీత చెప్పదు, రైలు పట్టాలు చెబుతాయి.

దారి గురించి ఎక్కువ చెప్పను. బర్రా దాటాక చెట్లు పొట్టివవుతాయి, యుంటా దాటాక పెట్రోలు బంకులు అరుదవుతాయి, రోడ్డు పక్క ఈము పక్షులు కారుతో పోటీపడి పరిగెత్తి ఓడిపోతాయి. చీకటి పడే వేళకు కారు ఆపెయ్యాలి. కంగారూలు రోడ్డెక్కేది అప్పుడే.

ఊళ్లోకి రాగానే మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది. కారణం వీధుల పేర్లు. అర్జెంట్ (వెండి అని అర్థం), ఆక్సైడ్, క్లోరైడ్, సల్ఫైడ్, బ్రోమైడ్, అయొడైడ్, కోబాల్ట్. ఆ నెలలో బడిలో వాళ్లకు మూలకాల పట్టిక చెబుతున్నారట. మలుపు మలుపుకూ పేరు చదివి తాతకు వినిపించింది. నాన్న కళ్లు మాత్రం ఊరి మధ్యలో ఉన్న గుట్ట మీద ఉన్నాయి. బూడిద రంగులో, ఊరిని ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలు చేస్తూ నిలబడిన పెద్ద గుట్ట అది. "అది కొండ కాదు, గని నుంచి తీసి పోసింది" అన్నారు. ఎవరూ చెప్పకుండానే.

నిజమే. ఊరికి పేరిచ్చిన ఆ విరిగిన కొండ ఇప్పుడు లేదు, మొత్తం తవ్వేశారు. 1883లో మౌంట్ గిప్స్ అనే గొర్రెల క్షేత్రంలో కంచెలు చూసుకునే చార్లెస్ రాస్ప్ అనే జర్మన్, ఆ నల్లటి రాతిలో తగరం ఉందనుకుని హద్దు రాళ్లు పాతాడు. క్షేత్రంలో పనిచేసేవాళ్లు మొత్తం ఏడుగురు కలిసి వాటాలు వేసుకున్నారు. తగరం దొరకలేదు. బయటపడింది ప్రపంచంలోని అతి పెద్ద వెండి, సీసం, జింక్ నిక్షేపాల్లో ఒకటి. 1885లో బ్రోకెన్ హిల్ ప్రొప్రైటరీ కంపెనీ పుట్టింది. ఇవాళ ప్రపంచమంతటా వ్యాపారం చేస్తున్న బీహెచ్‌పీ అదే. ఆ కంపెనీ 1939లోనే ఇక్కడ తవ్వకం ఆపి వెళ్లిపోయింది. మెల్‌బోర్న్‌లో కాలిన్స్ హౌస్ అనే భవనంలో కూర్చున్న ఇతర కంపెనీలు ఈ సీసం, జింక్‌తోనే పెరిగాయి. తవ్వకం ఇప్పటికీ సాగుతోంది. కానీ ఒకప్పుడు ముప్పై వేలు దాటిన జనాభా ఇప్పుడు 18 వేల లోపే.

ఇది విన్నాక నాన్న, "ఇల్లెందు దగ్గర సింగరేణి అని ఒక ఊరు ఉంది, తెలుసా?" అని పిల్లలను అడిగారు. ఆ ఊరి పేరు కంపెనీకి వచ్చింది. బొగ్గు తవ్వుకుంటూ కంపెనీ కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని దాకా వచ్చింది. ఇవాళ సింగరేణి అంటే కంపెనీ గుర్తొస్తుంది, ఊరు ఎవరికీ గుర్తురాదు. ఒడ్డున కూర్చుని లోపల ఏమీ లేదనుకునేవాళ్లకు ఇదే చెప్పాలనుకున్నాను. వీళ్లు పనిచేసే నగరాల సంపదలో కొంత ఆ ‘ఏమీ లేని’ చోటు నుంచే వచ్చింది. వచ్చాక పేరు మాత్రం అక్కడ వదిలేసింది, కొన్నిసార్లు అది కూడా వదల్లేదు.

దగ్గర్లోని సిల్వర్‌టన్ అనే ఊరి వైపు వెళ్లే దారిలో డేడ్రీమ్ అనే పాత వెండి గని ఉంది. 1880ల నాటిది. సందర్శకుల తలకు హెల్మెట్, దీపం పెట్టి లోపలికి దింపుతారు. నాన్న హెల్మెట్ పట్టీ బిగించుకున్న తీరు చూసి గైడు, మీరు గనిలో పనిచేశారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న "కోల్ మైన్" అన్నారు, ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది. అక్కడి నుంచి గైడు మాతో మాట్లాడటం తగ్గించి ఆయనతోనే మాట్లాడాడు. ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం, గైడుకు తెలుగు రాదు. అయినా వాళ్లిద్దరికీ నేను పెద్దగా అవసరం పడలేదు.

మా వైపు గనులు చాలావరకు ఇంక్లైన్లు. నేల మీది నుంచి ఏటవాలుగా లోపలికి దిగుతాయి. ఇక్కడ ఇరుకైన మెట్లు, వంగితే గాని పోలేని సందులు. ఒకచోట నాన్న ఆగి వేలి కణుపులతో పైకప్పు మీద కొట్టి విన్నారు. బండ గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, పొర విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. గనిలో అన్నిటికంటే ముందు చెవి పనిచేయాలని, తమకు ఈ పనికి ఇనుప కడ్డీ ఉండేదని మనవడికి చెప్పారు. అంతే, మా వాడు గని చివరిదాకా గోడలన్నీ కొట్టుకుంటూ నడిచాడు. ఈ సందుల్లో ఒకప్పుడు పిల్లలు కూడా పనిచేశారని గైడు చెప్పినప్పుడు ఒక్కసారి ఆగాడు. "నా అంత పిల్లలా?" అని అడిగి, జవాబు వినగానే మా వారి చెయ్యి పట్టుకున్నాడు.

ఇంట్లో గని మాట ఎత్తడం మా అమ్మకు ఇష్టం ఉండేది కాదు. ఆయన షిఫ్టు నుంచి తిరిగి వచ్చారంటే చాలు, లోపల ఏం జరిగిందో ఆమెకు వినాలని ఉండేది కాదు. అందుకని నాన్న పని గురించి నేను పుట్టి బుద్ధెరిగాక విన్నదానికంటే ఆ పూట ఎక్కువ విన్నాను. పైకి వచ్చాక స్కోన్లు, జామ్, టీ పెట్టారు. టీలో అల్లం లేదని నాన్న నొచ్చుకున్నారు గాని రెండు కప్పులు తాగారు.

ఆ బూడిద గుట్ట పైన గని కార్మికుల స్మారకం ఉంది. 2001లో తెరిచారు. తుప్పు రంగు ఉక్కుతో కట్టిన ఇరుకైన నడవా. అందులో ఇక్కడి గనుల్లో చనిపోయిన ఎనిమిది వందల మందికి పైగా కార్మికుల పేర్లు, ఎలా చనిపోయారో కూడా రాశారు. చాలామంది పర్యాటకులు పైకి వచ్చి ఊరు మొత్తం కనబడే చోట ఫోటోలు దిగి, అక్కడే ఉన్న పెద్ద బల్ల ఎక్కి ఇంకో ఫోటో దిగి వెళ్లిపోతున్నారు. నాన్న పేర్లు వదిలేసి కారణాలు చదవమన్నారు. మనవరాలు చదివి అర్థం చెబుతోంది, ఆయన తలూపుతున్నారు. రాయి పడింది. పేలుడు. షాఫ్టులో పడ్డాడు. సీసం విషం. గుండె ఆగింది. ఈ చివరిదాని దగ్గర, "గుండె ఊరికే ఆగదు" అన్నారు.

సీసం విషం మొదటి సంవత్సరాల్లో ఎక్కువ, తర్వాత తగ్గింది, చూశావా అన్నారాయన కాసేపటికి. "ఎవరో కొట్లాడి ఉంటారు." అది సగం నిజం. మొదట్లో పైపొరల్లో దొరికిన ఖనిజంలోని సీసం ఒంట్లోకి తేలిగ్గా చేరేది, లోతుకు వెళ్లాక ఖనిజం స్వభావం మారింది. మిగిలిన సగం మాత్రం కొట్లాటే. 1892లో సమ్మె, 1909లో లాకౌట్, 1919లో మొదలై పద్దెనిమిది నెలల పాటు సాగిన మహా సమ్మె. ఆ చివరి సమ్మె ముగిసేసరికి భూగర్భ కార్మికులకు వారానికి 35 గంటల పని దక్కింది. ఊపిరితిత్తుల జబ్బులకు పరిహారం వచ్చింది. 1920లో 35 గంటలు! ఐటీ ఉద్యోగి అయిన మా వారు ఈ అంకెను రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు.

ఇక్కడే ఆగిపోయి ఈ ఊరిని కార్మిక స్వర్గంగా వర్ణించి ఇంటికి రావడం సులువు. ఆ పని నేను చేయను. 1920లలో ఏర్పడిన బ్యారియర్ ఇండస్ట్రియల్ కౌన్సిల్ అనే సంఘాల సమాఖ్య కొన్ని దశాబ్దాల పాటు ఊరిని దాదాపు పరిపాలించింది. ఉద్యోగాలు ఊరివాళ్లకే అని నియమం పెట్టింది. పెళ్లయిన ఆడవాళ్లు ఉద్యోగం చేయకూడదని కూడా పెట్టింది. టీచర్లు, నర్సుల వంటి కొద్దిమందికే మినహాయింపు. పెళ్లి కాగానే దుకాణంలో, ఆఫీసులో ఉద్యోగం వదిలేయాలి. ఈ నియమం 1980ల మొదటి దాకా నడిచింది, నేను పుట్టడానికి కొద్దికాలం ముందు వరకు! ఒక కుటుంబానికి ఒక జీతం, అప్పుడే అందరికీ పని దొరుకుతుందనేది వాళ్ల తర్కం. కంపెనీ ముందు తలవంచని మగవాళ్లు ఇంట్లో జీతాన్ని తమ చేతిలోనే ఉంచుకున్నారు. నేను ఆవేశపడుతుంటే మా వారు అటు తిరిగి ఊరిని చూస్తున్నట్టు నటించారు.

ఈ ఊరి కథలో నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది మాత్రం స్మారకంలో లేదు. ఊరికి ఉత్తరాన ఒక వీధి మూలన రేకులతో కట్టిన చిన్న గది ఉంది. అది మసీదు, 19వ శతాబ్దం చివరి నాటిది. ఇప్పుడు స్థానిక చారిత్రక సంఘం దాన్ని మ్యూజియంగా చూసుకుంటోంది. రైలు, లారీ రాని చోట్లకు ఉప్పూ పిండీ మోసి, ఉన్ని మూటలు తిరిగి తెచ్చింది ఒంటెలు. ఆ ఒంటెలను నడపడానికి బలూచిస్తాన్, సింధ్, పంజాబ్, రాజస్థాన్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి మగవాళ్లను తెచ్చి, అందరికీ కలిపి ఆఫ్ఘన్లు అని పేరు పెట్టారు. ఊరి బయట ఒంటెల క్యాంపులో ఉంచారు. 1901లో తెల్లవాళ్లు కానివారి రాకను అడ్డుకునే వలస నియంత్రణ చట్టం వచ్చాక వాళ్ల పరిస్థితి మరీ ఇరుకున పడింది. బండ్లు తోలే తెల్ల కార్మికులకు, వాళ్ల సంఘాలకు వీళ్లంటే పడేది కాదు.

1915 జనవరి 1న సిల్వర్‌టన్‌కు వనభోజనాలకు వెళ్తున్న రైలు మీద ఇద్దరు మనుషులు కాల్పులు జరిపారు. వాళ్ల పేర్లు ముల్లా అబ్దుల్లా, గుల్ మహమ్మద్. ఖనిజం మోసే తెరిచిన పెట్టెల్లో పన్నెండు వందల మంది ఆడామగా, పిల్లలు కూర్చుని ఉన్నారు. నలుగురు చనిపోయారు. ఆ ఇద్దరినీ కూడా చంపేశారు. వాళ్ల దగ్గర తుర్కీ సామ్రాజ్యం జెండా ఉంది. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం, తుర్కీ, జర్మనీ ఆస్ట్రేలియాకు శత్రువులు. వాళ్లు ఆయుధాలు తెచ్చింది ఐస్‌క్రీమ్ బండిలో. అది అమ్ముకునే వాడు ఇద్దరిలో ఒకడు. రెండోవాడు క్యాంపులో నమాజు చేయించేవాడు, మాంసం కోసేవాడు. లైసెన్సు లేని చోట గొర్రెను కోశాడని కొద్దిరోజుల ముందే అతనికి జరిమానా పడింది. ఆ రాత్రి జనం జర్మన్ క్లబ్‌ను తగలబెట్టి, ఒంటెల క్యాంపు మీదికి కూడా బయలుదేరారు. పోలీసులు, సైనికులు అడ్డుకున్నారు. హత్యలను సమర్థించే ఉద్దేశం నాకు లేదు, పిల్లలున్న రైలు మీద తుపాకీ పేల్చడానికి ఏ అవమానమూ సాకు కాదు. కానీ ఈ సంఘటనను యుద్ధకాలపు వింతగా ఒక్క వాక్యంలో చెప్పి ముగించే పర్యాటక కథనాలు ఆ జరిమానా సంగతి, ఆ క్యాంపు ఎక్కడుండేదన్న సంగతి వదిలేస్తాయి. అవి వదిలేస్తే మిగిలేది ఐస్‌క్రీమ్ బండి ఒక్కటే.

రేకుల గదిలో మా అమ్మాయి అడిగింది, "అమ్మా, మనం అప్పుడు వచ్చి ఉంటే ఏ వీధిలో ఉండేవాళ్లం?" క్లోరైడ్ వీధిలోనా, కోబాల్ట్ వీధిలోనా అని దాని ఉద్దేశం. వీధిలో కాదు, ఈ క్యాంపులో అని చెప్పాను. నువ్వూ నేనూ అయితే అసలు వచ్చేవాళ్లమే కాదు, చాలామంది ఒంటరిగానే బతికారు అన్నాను. ఏ థీమ్ పార్కులోనూ ఈ ప్రశ్న రాదు. పన్నెండేళ్ల పిల్లకు ఈ దేశ చరిత్ర గురించి అయిదేళ్లు పాఠం చెప్పినా ఇంత సూటిగా చెప్పలేను.

ఒడ్డు వదిలి వచ్చేవాళ్లు కూడా ఎక్కువగా చూసేది శిల్పాలను. ఊరికి కొద్ది దూరంలో కొండ మీద 1993లో వివిధ దేశాల శిల్పులు చెక్కిన పన్నెండు ఇసుకరాతి శిల్పాలున్నాయి. సాయంత్రం వెలుగులో బాగుంటాయి, కాదనను. మేమూ వెళ్లాం, చలికి వణికాం, ఫోటోలు దిగాం. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం ఊరి అంచున ఉన్న పొదలు. పర్యాటక పటంలో వాటికి పెద్ద చోటు లేదు. గనికి దిమ్మలు కావాలి, కొలిమికి కట్టెలు కావాలి అని చుట్టుపక్కల చెట్లన్నీ కొట్టేశారు. మిగిలినదాన్ని పశువులు, కుందేళ్లు మేసేశాయి. ఇసుక తుఫాన్లు ఇళ్ల మీదికి వచ్చి కంచెలను కప్పేసేవి. ఆల్బర్ట్ మోరిస్ అనే గని ఉద్యోగి, మొక్కలంటే ప్రాణమైన ఆయన భార్య మార్గరెట్, 1936 నుంచి కంపెనీలను ఒప్పించి ఊరి చుట్టూ భూమికి కంచె వేయించారు. ముఖ్యంగా చేసింది అదే, మేతను ఆపడం. నేలలో దాక్కున్న విత్తనాలు వానలకు మొలిచాయి. ఉప్పుపొద, ముల్గా చెట్లు తిరిగి వచ్చాయి. ఆల్బర్ట్ 1939లోనే చనిపోయారు, పూర్తి ఫలితం చూడలేదు. పొదలే కదా అని మా వారు అనబోయి ఆగారు. ఆయన పొలం మనిషి, మేత మానితే నేల ఏం చేస్తుందో నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. గట్టున కూర్చుని మట్టి పిడికిట్లోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఈ యాత్రలో ఆయన మనసు మారింది అక్కడే అని నా అనుమానం, ఒప్పుకోరు గాని.

తర్వాత చేతులు కడిగించాను, గట్టిగా. ఎందుకంటే ఈ ఊరి దుమ్ములో సీసం ఉంది. ఇక్కడి చిన్నపిల్లల రక్తంలో సీసం ఎంతుందో క్రమం తప్పకుండా పరీక్షిస్తారు, పెరళ్లలో మట్టి మారుస్తారు, చేతులు కడుక్కోవడం గురించి పిల్లలకు పాఠంగా చెబుతారు. ఈ భారం అందరి మీదా సమానంగా లేదు, ఆదివాసీ కుటుంబాల పిల్లల్లో ఎక్కువ. ఈ నేల విల్యకలి ప్రజలది. వాళ్ల బంధువర్గమైన బర్కంజీ ప్రజలకు ప్రాణం డార్లింగ్ నది, వాళ్ల మాటలో బాకా. దశాబ్దాలపాటు ఊరికి నీళ్లిచ్చింది మెనిండీ దగ్గర ఆ నది సరస్సులే. అది ఎండుతూ వచ్చింది. 2019 నుంచి మర్రే నది పక్కన వెంట్‌వర్త్ నుంచి 270 కిలోమీటర్ల గొట్టం ద్వారా ఊరికి నీళ్లు వస్తున్నాయి. ఊరికి నీటి కష్టం తీరింది. నదికి తీరలేదు. 2023 మార్చిలో మెనిండీ దగ్గర రెండు కోట్లకు పైగా చేపలు చచ్చి తేలాయని అంచనా. ఎగువన పత్తికి ఎన్ని నీళ్లు, దిగువకు ఎన్ని అనే తగాదా కృష్ణా కింద పుట్టిన మా వారికి వివరించాల్సిన పని పడలేదు.

తిరిగి వచ్చి ఇదంతా చెబితే స్నేహితులు అడిగిన ప్రశ్నలు మూడే. మొదటిది ఎండ. జనవరిలో వెళ్లకండి, అంతే. జూలైలో పగలు హాయిగా ఉంటుంది, రాత్రి రెండు దుప్పట్లు కావాలి. రెండోది శాకాహారం. పెద్ద ఆశలు వద్దు. ఈ ఊరి ప్రత్యేకత అని చీజ్ స్లా ఒకటి పెడతారు, తురిమిన చీజ్, క్యారెట్, మయొనీజ్ కలిపి. నాన్న రుచి చూసి పచ్చిమిర్చి పడితే ఇంకా బాగుండేదన్నారు. మిగతా పూటలు ఎలక్ట్రిక్ కుక్కరు, ఆవకాయ, పెరుగు ఆదుకున్నాయి. దక్షిణ బ్రోకెన్ హిల్‌లో 1950ల నాటి వేషం మార్చని బెల్స్ మిల్క్ బార్ ఉంది, పిల్లలకు అక్కడ మిల్క్‌షేక్ చాలు.

మూడో ప్రశ్న, పిల్లలకు ఏముంది? ఇది అడిగేవాళ్ల మీద నాకు కొంచెం కోపం. పిల్లలకు కావలసింది సందడి ఒక్కటే అని ఎవరు తేల్చారు? విమానాశ్రయం దగ్గర, దూరప్రాంతాలకు విమానంలో వైద్యం తీసుకెళ్లే ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు కేంద్రం ఉంది. జాన్ ఫ్లిన్ అనే పాస్టరు 1928లో క్వీన్స్‌లాండ్‌లో మొదలుపెట్టిన సేవ అది. వైద్యుడు గంటల దూరంలో ఉండే పశుక్షేత్రాల్లో ఒక మందుల పెట్టె పెట్టి ఉంచుతారు, ప్రతి మందుకూ ఒక నంబరు. వైద్యుడు ఫోన్‌లో లక్షణాలు విని ఫలానా నంబరు మాత్ర వేయమంటాడు. మా వాడు ఇంటికి వచ్చి మా మందుల డబ్బాలో అన్నిటికీ నంబర్లు అంటించాడు, నాన్న బీపీ మాత్ర ఇప్పుడు నాలుగో నంబరు. రేడియోతో దూరప్రాంత పిల్లలకు పాఠాలు చెప్పడానికి 1956లో మొదలైన ఇక్కడి బడిని కూడా చూద్దామనుకున్నాం, సెలవులు కాబట్టి మూసి ఉంది. బడిని చూడటానికి బడి సెలవుల్లో వెళ్తే అంతే మరి.

తిరుగు దారిలో ఊడ్లా విర్రా దగ్గర కారు ఆపించి పండ్లు ఏమున్నాయని తనిఖీ చేస్తారు. పండు ఈగ దక్షిణ ఆస్ట్రేలియాలోకి రాకుండా ఈ ఏర్పాటు. మిగిలిన జామకాయలు అప్పగించమంటే నాన్న అక్కడే నిలబడి రెండు తినేశారు.

ఇప్పుడు ఇంట్లో పంచాయితీ వచ్చే సెలవుల మీద. బ్రోకెన్ హిల్ ఖనిజం కరిగిన పోర్ట్ పిరీ కొలిమిని చూడాలని నాన్న పట్టు, వీసా ఇంకా ఉంది కాబట్టి ఆగుతానంటున్నారు. మా అమ్మాయి మెనిండీ అంటోంది. అబ్బాయికి ఇంకా గోల్డ్ కోస్ట్ మీదే మనసు, కాదనడానికి నాకు మొహమాటంగా ఉంది. మా వారు అందరికంటే ముందు ముల్గా విత్తనాలు ఎక్కడ దొరుకుతాయో వెతికి, రెండు పొట్లాలు తెప్పించేశారు. మా పెరడు అడిలైడ్ వాన పడే కొండల వైపు ఉంది, అక్కడ ముల్గా బతుకుతుందా అని నా సందేహం.